కంప్యూటరు దీర్ఘనిద్ర

శీతలదేశములందు కొన్ని జంతువులు చలికాలమంతయు కలుగులలో నిద్రించి, వసంతము రాగానే మేల్కొనును. ఈ దీర్ఘనిద్రను ఆంగ్లేయులు హైబర్నేషన్ అందురు. మన పొలములలోని కప్పలును వేసవియందు మట్టిలో దాగి, తొలకరి చినుకులకు వెలువడుచుండును. కంప్యూటరునకును ఇట్టి నిద్ర యొకటి కలదు.

కంప్యూటరు పని చేయునపుడు విషయమంతయు ర్యామ్ అను జ్ఞాపకస్థానమున నుండును. ఇది మిక్కిలి వేగము గలది. కాని విద్యుత్తు ఆగిన తత్‌క్షణమే సర్వమును మఱచును. డిస్కు నెమ్మదియైనను, విద్యుత్తు లేకున్నను మఱవదు. వ్యాసము సగము వ్రాసి భద్రపఱుపని బాలుడు, కరెంటు పోయినచో దానిని మరల మొదటినుండి వ్రాయవలసినదే. సస్పెండ్ అను సామాన్యనిద్రయందు ర్యామునకు స్వల్పముగా విద్యుత్తు అందుచుండవలెను. దీర్ఘనిద్రకు అదియు అక్కఱలేదు. ర్యాములోని విషయము డిస్కుపై వ్రాయబడిన పిమ్మట యంత్రము పూర్తిగా ఆగిపోవును. యూపీఎస్ ఇచ్చు కొలది నిమిషములు ఇందులకు చాలును. మేల్కొన్నపుడు వ్యాసము ఆగిన వాక్యమునొద్దనే నిలిచియుండును.

ఫిన్లండు దేశమున, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెలును వెలువరించెను. దాని మూలరచన అందఱికిని తెఱచియుండును. కనుక లినక్స్ యంత్రమునందు ఈ నిద్రను మనమే అమర్చుకొనవచ్చును, జాగ్రత్తయు మనదే.

మొదట స్వాప్ అను స్థలము డిస్కుపై కావలెను. ర్యామ్ 8 జీబీ యైనచో స్వాప్ కూడ అంతయుండుట క్షేమము. కెర్నెలు విషయమును కుదించి వ్రాయును గాన తక్కువయైనను చాలవచ్చును. అయినను ఇచట లోభము తగదు. ఫెడోరా 2020 నుండి వాడుచున్న జెడ్‌ర్యామ్ స్వాప్ మాత్రము ఇందుకు పనికిరాదు. అది ర్యామునందే యుండును. మునుగుచున్న పడవలోని మూటను అదే పడవలో మఱియొక మూలకు జరిపిన నేమి లాభము?

పలువురు మఱచునది చిరునామా. మేల్కొనునపుడు కెర్నెలు అప్పుడే పుట్టిన శిశువు వంటిది. తాను దాచినది ఎచట నున్నదో ఎఱుగదు. క్రొత్త యంత్రములు కొన్నింట సిస్టమ్‌డీ యను కార్యక్రమమే దానిని గుర్తుంచును. తక్కిన వానియందు గ్రబ్ అమరికలో రిజ్యూమ్ అను మాటకు ఎదుట స్వాప్ విభాగపు గుర్తింపుసంఖ్యను వ్రాసి, గ్రబ్‌ను, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను నవీకరింపవలెను. స్వాప్ విభాగము గాక ఫైలైనచో, డిస్కుపై అది మొదలగు స్థానమును కూడ తెలుపవలెను. చిరునామా లేనిచో యంత్రము ఏమియు ఎఱుగనట్లు క్రొత్తగా ఆరంభమగును. భద్రపఱుపని వ్రాత పోవును. కావున తొలి పరీక్షకు ముందు అన్నిటిని భద్రపఱచి, పిదప టెర్మినల్‌నందు సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్ అను ఆజ్ఞ నీయవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేఱొకటి కలదు. ఒకే యంత్రమున రెండు ఆపరేటింగ్ సిస్టములు ఉండవచ్చును. లినక్స్ నిద్రించుచుండగా రెండవది లినక్స్ వాడుచున్న విభాగమును తెఱచి మార్చెననుకొనుడు. కరణము నిద్రించు వేళ ఎవరో లెక్కలపుస్తకమును దిద్దగా, అతడు తెల్లవాఱి తన పాత జ్ఞాపకముతోనే వ్రాత సాగించినట్లగును. ఫైళ్లు చెడిపోవును.

ర్యామునందలి రహస్యపదములు సైతము స్వాపులోనికి పోవును. అందుచే స్వాపును గూఢలిపిలో నుంచుట మేలు. సెక్యూర్ బూట్ అమలులో నున్నపుడు పెక్కు లినక్స్ వ్యవస్థలలో కెర్నెలే దీర్ఘనిద్రకు అంగీకరింపదు. అట్టి యంత్రమున సస్పెండ్ మాత్రమే లభించును.