హకాటా రామెన్‌కి ఎన్ని మార్కులు?

"జపాన్ వెళ్తున్నావుగా అక్కా, పిల్ల తిండి సరిగ్గా తింటోందో లేదో నీ కళ్లతో చూసి రా" అంది మా చెల్లెలు. దాని కూతురు ఫుకువోకాలో ఉద్యోగం చేస్తోంది. వారంలో రెండు మూడు రాత్రులు రామెన్ కొట్లోనే భోజనమని తెలిసిన దగ్గర్నుంచీ తల్లికి నిద్ర లేదు.

సరే, ఆ గిన్నె సంగతేమిటో తేల్చుకుందామని నేనూ వెళ్లాను. హకాటా స్టేషన్ దగ్గర పేరున్న కొట్టు. అరగంట క్యూ. గుమ్మంలో ఉన్న మెషిన్లో డబ్బులు వేసి చీటీ తీసుకోవాలి.

ఆ ఊరి రామెన్‌ని తోంకొత్సు అంటారు. పంది ఎముకల్ని పెద్ద మంట మీద గంటల తరబడి మరిగిస్తే మూలుగ, కొవ్వు, జిగురు నీళ్లలో కలిసిపోయి చారు పాలలా తెల్లబడుతుంది. హైదరాబాద్ పాయా తాగినవాళ్లకి ఆ జిగురు కొత్త కాదు, పెదవులు అంటుకుంటాయి. (పంది సంగతి మా చెల్లెలికి ఇంకా చెప్పలేదు. ఈ పేజీ చూశాక దెబ్బలాడుతుంది లెండి!) శాకాహారులకో మాట: పైకి కూరముక్కలే కనిపించినా చారు ఎముకలదో, ఎండుచేపలదో అయి ఉండొచ్చు. అడిగి తెలుసుకోండి.

రుచి చూడాలంటే ఎర్ర అల్లం ఊరగాయ, నువ్వులు కలపకముందే ఒక చెంచా చారు తాగాలి. వాసన ఘాటుగానే ఉంటుంది, కానీ గొంతు దిగాక జిడ్డు మిగలకూడదు. ఇక్కడ మిగల్లేదు. ఉప్పు మాత్రం ఒక పిసరు ఎక్కువే.

ఇక నూడుల్స్. అప్పడాల పిండిలో మనం వేసే ఖారం లాంటి క్షారాన్ని గోధుమపిండిలో కలిపి చేస్తారు, ఆ సాగుడు దానివల్లే. హకాటావి సేమ్యాలా సన్నం. పంటికింద చిన్న పలుకు తగలాలి. 'బరికత' అని అడిగితే బాగా గట్టిగా ఉండగానే తీసి ఇస్తారు.

నేను అలవాటు కొద్దీ ఇంటి విషయాలు మొదలెట్టాను. "కబుర్లు తర్వాత పెద్దమ్మా, ముందు తిను" అంటూనే ఉంది పిల్ల. పది నిమిషాల్లో నూడుల్స్ పాయసంలో సేమ్యాలా ఉబ్బిపోయాయి. మార్కులు తగ్గించబోతే "తప్పు కొట్టువాళ్లదా?" అని నవ్వి, 'కాయెదామా' చెప్పింది. అంటే కొంచెం డబ్బుకి, మిగిలిన చారులోకి ఇంకోసారి నూడుల్స్ వేస్తారు. ఈసారి నోరెత్తకుండా, అందరిలాగే చప్పుడు చేస్తూ జుర్రుకున్నాను. అక్కడది తప్పు కాదు. పలుకు చక్కగా తగిలింది.

పిల్ల సగం చారు గిన్నెలోనే వదిలేసింది. "ఉప్పు కదా పెద్దమ్మా, అంతా తాగను" అంది. నాకు సగం బెంగ అక్కడే తీరింది.

ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేశాను. చారుకి 8, నూడుల్స్‌కి 9, కూరలకి మాత్రం సున్నా. పైన చల్లిన ఉల్లికాడలు కూరవుతాయా? మర్నాడు నేను తీసుకెళ్లిన కందిపప్పుతో పాలకూర పప్పు చేసి, చిన్న చిన్న డబ్బాల్లో సర్ది, దాని ఫ్రీజర్లో పెట్టి వచ్చాను.