మోటారుకారులో వేగస్థిరీకరణ మీట

తిరువూరు నుండి మైలవరం మీదుగా విజయవాడ వైపు పోయే 30వ నెంబరు జాతీయ రహదారిపై ట్రాక్టర్లు, మామిడికాయల లారీలు, గేదెల మందలు, రోడ్డు వార ఆరబోసిన ధాన్యం దాటుకొంటూ పది నిమిషాలు ఒకే వేగంతో కారు నడపగలగడం ఒక యోగమే. అయినను నేటి కార్లలో పెక్కింటికి ‘క్రూజ్ కంట్రోల్’ అనే ఉపకరణం అమర్చి ఉంటున్నది. దాని మీటను తమ వీలుకొద్దీ మార్పించుకోవాలని ఉత్సాహపడే వారూ లేకపోలేదు. ఇట్టి మార్పులో ఉన్న సాధకబాధకాలను విద్యార్థులకు తెలుపుటే మా ఉద్దేశ్యం. (స్విచ్చుకు ‘మీట’ అనే చక్కని తెలుగుమాట ఉండగా దానిని మనం వీణకే వదలివేయుట విచారకరం.)

ఈ ఉపకరణానికి ఆద్యుడు అంధుడన్న సంగతి ఆశ్చర్యకరం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రాల్ఫ్ టీటర్ అయిదవ యేట చూపు కోల్పోయినాడు. అయినను ఇంజనీరై, పిస్టన్ రింగుల పరిశ్రమను నడిపినాడు. ఆయన న్యాయవాది కారు నడుపుతూ మాటలాడునపుడు వేగం తగ్గించి, వినునపుడు పెంచేవాడట. ఆ కుదుపులకు విసిగి టీటర్ ఈ యోచన చేసినాడని చెబుతారు. 1950లో ఆయనకు పేటెంటు లభించినది. 1958 నాటి క్రైస్లర్ కార్లలో ఇది తొలిసారి విపణిలోకి వచ్చినది.

నేటి ఏర్పాటులో కారు వేగాన్ని కంప్యూటరు గ్రహించి, ఇంజనుకు అందే శక్తిని హెచ్చించీ తగ్గించీ కోరిన వేగాన్ని నిలుపుతుంది. స్టీరింగుపై మేల్కొలుపుటకు, వేగం నిర్ణయించుటకు, రద్దు చేయుటకు, పాతవేగాన్ని తిరిగి అందుకొనుటకు మీటలుంటాయి. పెక్కు కార్లలో ఇంజను ఆపి తిరిగి నడిపిన ప్రతిసారీ మొదటి మీటను నొక్కవలసిందే. ఇది కొందరికి విసుగు. నొక్కి వదలే మీటకు బదులు, నొక్కితే అట్లే నిలిచే మీటను పెట్టిస్తే సరిపోవునని వారి తలంపు. కాని కంప్యూటరు ఎదురుచూచేది క్షణకాలపు స్పర్శను మాత్రమే. మీట ఎడతెగక నొక్కుడుపడి ఉంటే, అది చెడిపోయినదని భావించి ఉపకరణాన్నే నిలిపివేయవచ్చును. అందుచేత తెలిసినవారు, ఇంజను కదలిన కొన్ని సెకండ్లకు ఒక్క స్పర్శను మాత్రమే పంపే చిన్న రిలేను అమరుస్తారు.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. అనేక కార్లలో ఈ మీటలన్నిటికీ వేరువేరు తీగెలుండవు. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క విలువగల నిరోధకం ఉంటుంది. వోల్టేజి భేదాన్ని బట్టి ఏ మీట నొక్కినదీ కంప్యూటరు పోల్చుకొంటుంది. నిరోధకం విలువ తప్పినచో ఒక ఆజ్ఞను మరొక ఆజ్ఞగా గ్రహించే ప్రమాదమున్నది. ‘రద్దు’ అని నొక్కిన చోదకుని కారు పాతవేగాన్ని అందుకొనబోతే ఏమగునో ఊహించుకొనవచ్చును. పైగా స్టీరింగులోనే గాలిసంచి, దాని తీగెలు ఉంటాయి. బ్యాటరీ విప్పి, తయారీదారు చెప్పినంతసేపు ఆగక అక్కడ చేయి పెట్టరాదు.

బ్రేకు తాకగానే ఉపకరణాన్ని రద్దుచేసే స్విచ్చు పెడలు వద్ద ఉంటుంది. దానిని ఎట్టి సౌకర్యం కొరకైనను తాకరాదని మా నిశ్చితాభిప్రాయం. కొన్ని పాత నమూనాలలో వెనుక బ్రేకుదీపాల బల్బులు మార్చి ఎల్‌ఇడి దీపాలు పెట్టినంతనే క్రూజ్ కంట్రోల్ పనిచేయుట మానివేస్తుంది. ఆ వలయం బల్బు తీగె ద్వారానే సాగుట దీనికి కారణం.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తున్నది. అయితే వికలాంగుల అవసరానికి అనువుగా తీర్చిన వాహనాలకు ఆ చట్టంలోనే చోటున్నది. బొటనవ్రేలు వంగని వానికొరకు మీటను దగ్గరకు జరుపుట ఒకటి, నొక్కుటకు బద్ధకించి వలయాన్ని మార్చుట మరొకటి. రెంటినీ ఒకే త్రాసులో తూచుట న్యాయం కాదు.

మార్పు చేయించిన పిదప నిర్జనమైన రోడ్డుపై, పొడివాతావరణంలో పరీక్షించవలెను. వేగం నిలిపి, బ్రేకును మెల్లగా తాకవలెను. గేర్ల కారైనచో మరొకసారి క్లచ్చిని కూడ. తాకిన తక్షణమే ఉపకరణం రద్దు కావలెను. మరొకరిని వెనుక నిలిపి బ్రేకుదీపాలు వెలుగుచున్నవో లేవో చూడుమనవలెను. వీటిలో ఏ ఒక్కటి తప్పినను ఆ పూటే పాత మీటను తిరిగి బిగించవలెను.