శీతల హరితగృహంలో శరత్కాల లశునాలు: నెరైన్ పెంపకం

1. పరిచయం

ఉల్లిగడ్డను నిలువుగా కోసి చూడండి. అడుగున బిళ్లలాంటి చిన్న కాండం, దాని చుట్టూ ఆహారం నిలవచేసుకున్న రసభరితమైన పొరలు కనిపిస్తాయి. ఇదే లశునం. దీన్ని భూగర్భ కాండ రూపాంతరంగా మీరు ఇదివరకే చదివారు. మొక్క ప్రతికూల కాలాన్ని దాటడానికి ఇది ఎలా తోడ్పడుతుందో ఇప్పుడు తెలుసుకుందాం. ఇందుకు ఉదాహరణగా, బ్రిటన్‌లోని హరితగృహాల్లో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు పూసే నెరైన్ సార్నియెన్సిస్‌ను తీసుకుందాం. ఆధునిక వర్గీకరణ ప్రకారం ఉల్లి, నెరైన్ రెండూ అమరిల్లిడేసి కుటుంబానికి చెందినవే.

2. పేరు ఒకచోటిది, పుట్టుక మరోచోటిది

సార్నియా అనేది ఇంగ్లిష్ చానల్‌లోని గెర్న్‌సీ దీవికి లాటిన్ పేరు. 1753లో లినేయస్ ఈ మొక్కకు అమరిల్లిస్ సార్నియెన్సిస్ అని పేరు పెట్టాడు. తరువాత విలియం హెర్బర్ట్ దీన్ని నెరైన్ ప్రజాతిలో చేర్చాడు. గెర్న్‌సీ లిల్లీ అని పిలిచినా, దీని జన్మస్థలం దక్షిణాఫ్రికాలోని పశ్చిమ కేప్ ప్రాంతం. అక్కడి కొండల రాతి సందుల్లో ఇది సహజంగా పెరుగుతుంది.

ఆ ప్రాంతంలో వానలు చలికాలంలో పడతాయి. వేసవి పొడిగా ఉంటుంది. మన నేలలో వర్షాకాలంలో మొక్కలు చిగురిస్తే, కేప్‌లో ఈ మొక్కకు చలికాలమే పెరుగుదల కాలం. శరత్కాలంలో పూకాడ వస్తుంది, చలికాలమంతా ఆకులు పెరుగుతాయి, వేసవిలో ఆకులు ఎండి లశునం సుప్తావస్థలోకి వెళుతుంది. దక్షిణార్ధగోళంలో మార్చి నుంచి మే వరకు శరత్కాలం. ఉత్తరార్ధగోళానికి తెచ్చినప్పుడు మొక్క ఆరు నెలలు జరిగి, అక్కడి శరత్కాలంలో పూయడానికి అలవాటుపడుతుంది.

3. హరితగృహం ఎందుకు?

బ్రిటన్ వాతావరణంలో ఈ మొక్కకు రెండు ఇబ్బందులున్నాయి. ఆకులు పచ్చగా ఉండే చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోతుంది. లశునం ఎండలో విశ్రాంతి తీసుకోవలసిన వేసవిలో వానలు పడతాయి. శీతల హరితగృహం ఈ రెండింటికీ పరిష్కారం. చలికాలపు రాత్రి సుమారు 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడకుండా కొద్దిపాటి వేడి ఇస్తే సరిపోతుంది. వేసవిలో గాజు కప్పు వానను ఆపి, ఎండను లోపలికి రానిస్తుంది. చాలామంది మొదటి ప్రయోజనాన్నే గుర్తుంచుకుంటారు. రెండోదాన్ని మరచిపోతే లశునం కుళ్లిపోవచ్చు, లేదా పూలు రాకపోవచ్చు.

4. సంవత్సరపు పనులు

నాటడం: నీరు సులభంగా జారిపోయే, ఇసుక, సన్నని గులకరాళ్లు కలిసిన సారం తక్కువగల మట్టి వాడాలి. లశునం మెడ మట్టి పైకి కనిపించాలి. కుండీ ఇరుకుగా ఉన్నా నష్టం లేదు. వేళ్లను కదిలించడం దీనికి గిట్టదు కనుక కుండీని తరచుగా మార్చకూడదు.

ఆగస్టు చివర – సెప్టెంబరు: పూమొగ్గ మెడలోంచి తొంగిచూడగానే నీరు పోయడం మొదలుపెట్టాలి.

అక్టోబరు – ఏప్రిల్: ఆకులు ఉన్నంతకాలం మితంగా నీరు, పూర్తి వెలుతురు, గాలి అవసరం. ఎరువు ఇస్తే నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉండాలి. గాలి ఆడకపోతే బూజు తెగులు వస్తుంది. ఆకుల మొదళ్లలో పిండినల్లి చేరిందేమో చూస్తుండాలి.

మే – ఆగస్టు: ఆకులు పసుపుబారగానే నీరు తగ్గించి, ఎండిపోయాక పూర్తిగా ఆపాలి. కుండీలను ఎండ తగిలే చోటే ఉంచాలి.

5. మొదటి ఏటి పువ్వు

పూమొగ్గ లశునం లోపల చాలా నెలల ముందే రూపుదిద్దుకుంటుంది. అందువల్ల కొత్తగా కొన్న లశునం మొదటి ఏడు పూస్తే, అది అంతకుముందు పెంచినవారి శ్రద్ధకు ఫలితం. మన సంరక్షణ ఎలాంటిదో తరువాతి సంవత్సరాల్లో తెలుస్తుంది. ఆకులు పచ్చగా ఉన్నప్పుడే నీరు ఆపితే కిరణజన్య సంయోగక్రియ తగ్గి, రాబోయే పువ్వుకు కావలసిన ఆహారం లశునంలో చేరదు.

6. ఒకే ప్రజాతి, వేరు వేరు కాలాలు

నెరైన్ బౌడెనై కూడా దక్షిణాఫ్రికా మొక్కే. ఇదీ శరత్కాలంలోనే పూస్తుంది. అయితే ఇది వేసవిలో వానలు పడే తూర్పు ప్రాంతాలకు చెందినది. వేసవిలో ఆకులతో ఉండి, చలికాలంలో విశ్రాంతి తీసుకుంటుంది. అందుకే బ్రిటన్‌లో ఎండ తగిలే గోడ పక్కన ఆరుబయటే పెరుగుతుంది. దీనికి వేసవిలో నీరు మేలు చేస్తుంది. సార్నియెన్సిస్‌కు అదే నీరు హాని చేస్తుంది. కాబట్టి ఏ లశునాన్ని పెంచాలన్నా ముందుగా దాని జన్మస్థలంలో వాన ఏ కాలంలో పడుతుందో తెలుసుకోవాలి. నీరు పోసే కాలాన్ని దాన్నిబట్టే నిర్ణయించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నెరైన్ సార్నియెన్సిస్‌కు హరితగృహం వేసవిలో ఎలా ఉపయోగపడుతుంది?
2. మొదటి ఏడు పూసిన లశునం మూడో ఏడు పూయకపోతే, సంరక్షణలో ఏయే అంశాలను పరిశీలించాలి?
3. సార్నియెన్సిస్, బౌడెనై జాతుల విశ్రాంతి కాలాలు వేరుగా ఉండటానికి కారణం వివరించండి.