వెలుతురుతో నూరిన వెండి

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల తోటలలో కోసిన కూరగాయలు తెల్లవారుజామున హైదరాబాదు మార్కెట్లకు తరలిపోవుచుండగా, వానిపై మిగిలియుండు పురుగుమందు జాడను పట్టియీయగల ఒక విద్య, ఆ దారికి చేరువనే గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయమున పెంపొందుచున్నదని ఎందరెరుగుదురు?

ఆ విద్య లోహమును లేజరు కాంతితో సూక్ష్మరేణువులుగా మార్చుట. మన వైద్యులు వెండిని కల్వమున నూరి, పుటములు పెట్టి భస్మము చేసిరి; ఇచట నూరునది వెలుతురు. 1960 మే 16న అమెరికాలో మైమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీనుండి తొలి లేజరును వెలిగించెను. నీటిలోని ఇనుముపై లేజరు స్పందనములను ప్రయోగించి, ఆ లోహమునకును ద్రవమునకును నడుమ నూతన ఆక్సైడు పొరను సృజించి 1987లో లోకమునకు తెలిపినవారు మాత్రము మన పూణె విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు. ద్రవములోని లోహమును లేజరుతో మార్చు ఈ మార్గమునకు ఆద్యులలో భారతీయులుండుట చాలమందికి తెలియకపోవుట విచారకరము.

గచ్చిబౌలిలో రక్షణ పరిశోధన సంస్థయగు డీఆర్‌డీవో పోషణతో వెలసిన అధికశక్తి పదార్థముల పరిశోధన కేంద్రమున ఆచార్య సోమా వేణుగోపాలరావు బృందము ఈ మార్గమును విస్తరించినది. గాజుపాత్రలో అడుగున వెండి రేకు, దానిపై కొద్దిపాటి అసిటోనో నీరో. పైనుండి కటకము గుండా సెకనుకు 1000 చొప్పున దిగు కాంతి స్పందనములు. ఒక్కొక్కటి సుమారు 50 ఫెమ్టోసెకనులు, అనగా సెకనులో కోటికోట్లవ వంతులతో లెక్కకట్టవలసినంత స్వల్పకాలము మాత్రమే నిలుచును. తాకినచోట లోహము ఆవిరియై, చుట్టునున్న ద్రవము తక్షణమే చల్లార్చుటచేత, మిల్లీమీటరులో పదిలక్షలవ వంతులతో కొలువదగిన రేణువులుగా గడ్డకట్టును. ఒకేచోట గుంట పడకుండ రేకును మెల్లగా జరుపుచుందురు. చూచుచుండగనే తేటద్రవము పసుపువన్నెకు తిరుగును, బంగారమైనచో కెంపువన్నె. రసాయనములతో చేసిన రేణువులకు అంటుకొనియుండు మలినములు వీనికి లేవు. పైగా లేజరు గీతలతో గరుకుబారిన రేకు సైతము ఈ క్రింద చెప్పబోవు పరీక్షలకు ఫలకముగా పనికివచ్చును. ఏదియు వ్యర్థము కాదు.

ఇంతకును వీని ప్రయోజనమేమి? 1928లో రామన్ కనుగొనిన కాంతి పరిక్షేపము ప్రతి అణువునకును దాని గుర్తును చూపునుగాని, సుమారు కోటి కాంతికణములలో ఒక్కటి మాత్రమే ఇట్లు చెదరుటచే ఆ గుర్తు మిక్కిలి బలహీనము. ఈ రేణువుల చెంత చేరిన అణువుల సంకేతము అనేక రెట్లు ప్రబలమగును. తొలుత పిక్రిక్ ఆమ్లము వంటి ప్రేలుడు పదార్థముల లేశములను కనుగొనుటకే ఉద్దేశింపబడిన ఈ పద్ధతి, వడపోత కాగితముపై రేణువులను పూసి, చేతికందు రామన్ యంత్రముతో పరీక్షించు స్థితికి వచ్చినది. పంటలకు వాడు థైరమ్ అను శిలీంధ్రనాశినిని సైతము ఆ బృందము ఇట్లే గుర్తించినది.

ప్రయోగశాలలో ఇంత దూరము వచ్చిన విద్య చేవెళ్ల మార్కెట్ యార్డు గడప తొక్కుటకు ఇంకొక తరము పట్టనక్కరలేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయము, మార్కెటింగు శాఖ, గచ్చిబౌలి శాస్త్రజ్ఞులు ఒక్కచోట కూర్చుండి, రైతుకు భారము కాని వెలలో ఆ కాగితమును, ఆ యంత్రమును యార్డులకు చేర్చవలెనని కోరుచున్నాను.