అనకాపల్లి బెల్లం, పెట్టుబడి సిద్ధాంతాలు

పెట్టుబడిదారీ వ్యవస్థలో సమాజం ఎలా మారుతుందన్న ప్రశ్నకు జోసెఫ్ షుంపీటర్ 1942లో ఇచ్చిన జవాబు ప్రసిద్ధం: కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు పాతవాటిని కూల్చి వాటి చోటు ఆక్రమిస్తాయి. ఆ లెక్కన అనకాపల్లిలో బెల్లం పొయ్యిలు ఆరిపోయి చక్కెర మిల్లు నిలవాలి. కానీ మూతపడింది తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారం. చెరకు సాగు తగ్గినా, అనకాపల్లి మార్కెట్ యార్డుకు బెల్లం దిమ్మలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఎందుకో బెల్లం వండేచోట కొంత తెలుస్తుంది. గానుగాడిన రసాన్ని పెద్ద పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పినే పొయ్యిలోకి ఎగదోస్తారు. తేలిన మడ్డి తీసేస్తూ, పాకం ముదిరాక దింపి దిమ్మలు కడతారు. వంటచెరకు పొలానిదే, పనిలో కొంత ఇంటివాళ్లదే. గానుగ లేని నెలల్లో మిల్లులా జీతాలు, వడ్డీలు మోసే బాధ లేదు. అయితే పెట్టుబడికి కమిషన్ వర్తకుడి దగ్గర అడ్వాన్సు తీసుకున్న రైతు సరుకు ఆ కొట్టుకే తోలాలి. వర్తక పెట్టుబడి ఉత్పత్తిని గుప్పిట పట్టి కూడా పాత పద్ధతిని అలాగే ఉంచగలదని మార్క్స్ రాశాడు. ఆయన పోయాక 1894లో ఎంగెల్స్ వెలువరించిన ‘పెట్టుబడి’ మూడో సంపుటంలోని ఒక అధ్యాయంలో ఆ విషయం ఉంది. ఈ యార్డును అర్థం చేసుకోవడానికి షుంపీటర్ కన్నా ఆ అధ్యాయమే అక్కరకొస్తుందని నా అభిప్రాయం.

ఇక ఈ పల్లెల నుంచి పరిశ్రమకు వెళ్లే శ్రమ సంగతి. సేద్యంలోని మిగులు శ్రమ పరిశ్రమకు తరలుతుందనీ, ఆ మిగులు తీరేదాకా వేతనాలు పెద్దగా పెరగవనీ ఆర్థర్ లూయిస్ 1954లో వివరించాడు. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోని బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమకు బస్సుల్లో వెళ్లే పల్లె ఆడవాళ్లకు ఈ మాట చాలావరకు వర్తిస్తుంది. కాకపోతే లూయిస్ నమూనాలో మనిషి తరలిపోతాడు. ఇక్కడ షిఫ్టు దిగి ఇంటికొచ్చేవాళ్లే చాలామంది. ఇంటి గింజలు, అద్దె లేని ఇల్లు, బిడ్డను చూసుకునే అత్తగారు ఉంటేనే ఆ జీతం సరిపోతుంది. ఈ ఖర్చు ఏ కంపెనీ పద్దుకూ ఎక్కదు.

అమ్మకానికి పుట్టని భూమినీ, శ్రమనూ సరుకులుగా మార్చడమే ఈ వ్యవస్థలోని అసలు ఒత్తిడి అని కార్ల్ పొలాన్యీ 1944లో వాదించాడు. సెజ్‌కు తీసుకున్న ఎకరాకు పరిహారం కట్టేటప్పుడు ఇంటి గింజల లెక్క అందులోకి రాదు. పొలం పోయిన ఇంట్లో అదే జీతంతో బియ్యం కూడా కొనాలి.