ఫార్మసీ ప్రవేశ పరీక్ష – ఏ సబ్జెక్టు మార్కుకు ఎంత బలం?



నిరుడు ధారావి నుండి ఒక తండ్రి తన కూతురి స్కోర్ కార్డు పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. "మూడు సబ్జెక్టుల పర్సెంటైల్ కూడి మూడుతో భాగిస్తే ఒక అంకె వస్తోంది, కార్డులో మొత్తం దగ్గర ఇంకో అంకె ఉంది. లెక్క తప్పిందా సార్?" అని అడిగారు. లెక్క తప్పలేదు. ఆ లెక్క వేసే పద్ధతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మహారాష్ట్రలో బి.ఫార్మసీ కోసం మన పిల్లలు ఎక్కువగా రాసేది ఎం.హెచ్.టి.-సి.ఇ.టి. బయాలజీ గ్రూపుకు మొత్తం 200 మార్కులు: ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, బయాలజీ 100. ప్రశ్నకు ఒక మార్కు. అంటే సగం బలం బయాలజీదే. మన ఆంధ్ర, తెలంగాణల ఈఏపీసెట్‌లోనూ అంతే: 160లో బయాలజీ 80.

ముందుగా మూడింటి మార్కులు కూడతారు. మీతోపాటు అదే సెషన్‌లో రాసినవారిలో నూటికి ఎంతమందికి ఆ మొత్తం గాని, అంతకు తక్కువ గాని వచ్చిందో చూస్తారు. అదే మీ మొత్తం పర్సెంటైల్. ఇది సబ్జెక్టు పర్సెంటైల్‌ల సగటు కాదు, మార్కుల శాతమూ కాదు. సీటుకు ముందుగా చూసేది ఈ మొత్తాన్నే.

ఒక ఉదాహరణ. ఒకే సెషన్‌లో ఒకరికి బయాలజీ 75, కెమిస్ట్రీ 30, ఫిజిక్స్ 12, మొత్తం 117. మరొకరికి 65, 30, 27, మొత్తం 122. బయాలజీలో పది మార్కులు వెనుకబడినా రెండో విద్యార్థే ముందుంటాడు. బయాలజీ పెద్దదే గాని, ఫిజిక్స్‌ను వదిలేస్తే ఆ లోటు పూడ్చడం కష్టం.

ఆ అమ్మాయి విషయంలో జరిగింది కూడా ఇదే. ఫిజిక్స్‌లో 14 ప్రశ్నలు ఖాళీగా వదిలేసింది. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంటుంది; ఇక్కడా ఉంటుందని భయపడింది. ఎం.హెచ్.టి.-సి.ఇ.టి.లో కోత లేదు. నాలుగింటిలో ఒకటి గుర్తుపెట్టినా సగటున మూడు, నాలుగు మార్కులు వచ్చేవి. ఇంటి దగ్గరి కాలేజీ కొద్దిలో తప్పిపోయింది.

సమయం సంగతి కూడా గమనించండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండింటికీ కలిపి 90 నిమిషాలు, బయాలజీకి వేరే 90 నిమిషాలు. బయాలజీలో మిగిలిన సమయం ఫిజిక్స్‌కు పనికిరాదు. కెమిస్ట్రీ త్వరగా ముగిస్తే మాత్రం ఫిజిక్స్‌కు సమయం మిగులుతుంది. ప్రశ్నల్లో సుమారు 20 శాతం 11వ తరగతివి, ఆ పుస్తకాలు అమ్మేయకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పాత ప్రశ్నపత్రం రాయించిన ప్రతిసారీ మూడు సబ్జెక్టుల మార్కులు మూడు గడులలో రాసి ఉంచండి. చదువుకోని తల్లి అయినా ఏ గడి వెనుకబడిందో చూసి చెప్పగలదు. రేపటి చదువు అక్కడినుంచి మొదలుపెట్టించండి.