ఏటిలో నేర్చు విద్య: స్టీల్‌హెడ్ చేపల వేట

కొన్ని విద్యలు గ్రంథములు చదివినంత మాత్రమున పట్టుబడవు. ఈత అట్టిది, వీణ అట్టిది. చేసి చూపువాడొకడు ప్రక్కన నుండవలెను. మనము చేసినదానిని చూచి దిద్దువాడొకడు కావలెను. ఉత్తర అమెరికా పశ్చిమతీరపు నదులలో స్టీల్‌హెడ్ అను చేపను ఈకల ఎరతో పట్టుట అట్టి విద్యలలో నొకటి. అది ఒకరినుండి మరియొకరికి ఎట్లు సంక్రమించుచున్నదో శ్రోతలకు వివరింపదలచినాము.

ముందుగా చేపను గూర్చి రెండు మాటలు. స్టీల్‌హెడ్ వేరొక జాతి కాదు. మన నీలగిరుల చల్లని వాగులలోనికి తెచ్చి విడిచిన రెయిన్‌బో ట్రౌట్ జాతిదే. ఏటిలో పుట్టి, అచటనే కొంతకాలము పెరిగి, సముద్రమునకు పోవును. అచట బలిసి, వెండివలె మెరయుచు, గ్రుడ్లు పెట్టుటకై ఏటికి మరలి వచ్చును. పసిఫిక్ సాల్మన్ చేపలు గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. స్టీల్‌హెడ్‌లలో కొన్ని బ్రతికి మరల సముద్రమును చేరగలవు. ఏటికి వచ్చిన చేప ఆహారమును అంతగా కోరదు. ఆకలి లేని ప్రాణికి ఎరపై ఆశ పుట్టించుటయే ఇందలి కష్టము.

సాధారణమైన గాలమునకు సీసపు గుండు బరువు దారమును లాగుకొని పోవును. ఇచట ఎర యనగా కొక్కెమునకు ఈకలు, బొచ్చు చుట్టి చేసిన బొమ్మ. దానికి బరువు స్వల్పము. కనుక దారమునే లావుగా, బరువుగా చేయుదురు. దారము ముందుకు సాగగా ఎర దానిని అనుసరించును. మామూలుగా దారమును ముందు వెనుకకు ఎగురవేసి, పిదప ముందుకు విసరుదురు. కాని ఒడ్డున అడవి దట్టముగా నున్నచోట అది కొమ్మలకు చిక్కుకొనును. స్కాట్లండులోని స్పే నదిపై పుట్టిన పద్ధతి ఇందుకు ఉపాయమైనది. పొడవైన గాలపు కర్రను రెండు చేతులతో పట్టి, దారము కొనను నీటికి తాకించి, ఆ పట్టునుండి ముందుకు విసరుదురు. తెలుగువారు పలువురు నివసించు సియాటిల్ నగరమునకు ఉత్తరమున స్కాజిట్ నది కలదు. ఆ ప్రాంతపు వేటగాండ్రు 1990 తరువాతి సంవత్సరములలో ఈ పద్ధతిని మలచుకొనిరి. చలికాలపు నీటిలో పెద్ద ఎరలను లోతునకు దింపుటకై, ఉన్న దారములను కోసి, అతికి, పొట్టివి, బరువైనవి చేసుకొనిరి. ఆ పద్ధతికి నేడు స్కాజిట్ పేరే నిలిచినది.

ఇక నేర్చుకొను తీరు. ఆ నదులపై ఒక మర్యాద కలదు. క్రొత్తగా వచ్చినవాడు ముందున్నవారికి ఎగువన దిగవలెను. ఒకసారి విసరి, ఎర ప్రవాహమునకు అడ్డముగా తేలి తన ఒడ్డునకు చేరువరకు ఆగి, ఒకటి రెండడుగులు దిగువకు జరుగవలెను. అందరును అట్లే జరుగుచుందురు గనుక మడుగు ఏ ఒక్కరి సొత్తును కాదు. ఈ మర్యాదయే పాఠశాల యగుచున్నది. వెనుకనున్నవాడు ముందున్నవాని చేతులను తీరికగా గమనింపగలడు. ఒడ్డెక్కినప్పుడు సందేహము నడుగగలడు.

అనుభవజ్ఞులు చెప్పు మాటలు చిన్నవి. పై చేతితో బలముగా త్రోయరాదు. క్రింది చేతితో లాగవలెను. దారము నీటిపై విల్లువలె వంగినచో ప్రవాహము ఎరను వేగముగా ఈడ్చుకొని పోవును. అప్పుడు దారమును మెల్లగా ఎత్తి ఎగువకు మరల్చినచో ఎర నెమ్మదించును. చేప తాకినంతనే కర్రను పైకి లాగరాదు. అది ఎరతో తిరుగువరకు ఓర్చుకొనవలెను. ఈ చివరి మాట వినుటకు సులభము. చేయి దానికి లొంగుటకు మాత్రము ఏండ్లు పట్టవచ్చును.

ఈ విద్యకు నేడొక చిక్కు వచ్చినది. చేపలు తగ్గినవి. స్కాజిట్ వచ్చి కలియు ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌లను 2007లో అమెరికా ప్రభుత్వము ముప్పు గలిగిన జీవుల పట్టికలో చేర్చినది. స్కాజిట్‌పై వసంతకాలపు వేట కొన్ని సంవత్సరములు నిలిచిపోయి, పట్టిన చేపను విడువవలెనను నియమముతో 2018లో మరల అనుమతింపబడినది. నది మూసిన ఏట చేపకు విశ్రాంతి కలుగును. నేర్చువానికి మాత్రము బడి మూతపడును. ముప్పున్న చేపను అసలే ముట్టరాదనువారును కలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. అయినను ఏటిలో నిలిచి ఆ చేపను ఎరిగినవారు లేనినాడు, దాని కొరకు మాటాడువారును తగ్గుదురని మేము తలచుచున్నాము.

అందుచేత ముందున్నవాడు వెనుకవానికి నేర్పవలసిన పాఠము మరియొకటి చేరినది. కొక్కెపు ముల్లును ముందే నొక్కివేయవలెను. చేపను అలసిపోవునట్లు చాలసేపు ఆడింపరాదు. చేతులు తడిపి పట్టి, నీటినుండి పైకెత్తక, ఎదురునీటికి మొగము త్రిప్పి నిలిపి, బలము పుంజుకొనిన పిదప విడువవలెను. విసరుట నేర్పినవాడే ఇదియు నేర్పవలెను. ఎగువన నిలిచిన క్రొత్తవాడు దీనినిగూడ చూచుచునే యుండును.